వీధి మొగలో ఆగిన డప్పు

పదిహేడో భాగం

మత్తయి కాగితం బల్ల మీద పెట్టి పావుగంటయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఫ్యాను గాలికి ఎగరకుండా ఎస్తేరు దాని మీద మజ్జిగ గ్లాసు పెట్టింది. ఆ మజ్జిగ మత్తయి కోసం తెచ్చింది. ఆయన తాగలేదు.

"చదవండి హెడ్మాస్టారూ," అన్నాడు మత్తయి. "నేను రాసింది కాదండి. చర్చి కమిటీ రాసింది. సెక్రెటరీగా మీరూ కూర్చోవాలి గాని, మీ అమ్మగారి విషయం గనక మిమ్మల్ని పిలవలేదు."

దానం కళ్లజోడు పెట్టుకుని లేచాడు. రిటైరై మూడేళ్లయినా కాగితం నిలబడే చదువుతాడు.

"'జాషువా గారి భార్యనైన మేరీ అను నేను అన్యదేవతను స్తుతించి పాడినందుకు సంఘము ఎదుట పశ్చాత్తాపపడుచున్నాను. ఆ దేవతతో నాకు ఏనాడును ఏ సంబంధమును లేదు.'"

కిటికీ పక్క మంచం మీద మేరీ చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై మూడేళ్ల మనిషి. తల ఎత్తకుండానే అంది, "రెండో ముక్క మళ్లీ చదువు నాయనా."

దానం మళ్లీ చదివి, కాగితం గ్లాసు కింద పెట్టాడు.

"మొదటి ముక్కకి సంతకం పెడతాను. పాడేను. తప్పంటే తప్పు. రెండోది అబద్ధం కదా."

"ఎలాగండి మామ్మగారూ?"

"ఆసాది ఇంట్లో పుట్టేను. మా నాన్న అమ్మవారి కథ పాడితే గాని సత్తెమ్మ గరగ గుడి దాటేది కాదు. పద్దెనిమిదేళ్లు ఆ పాట కిందే పడుకున్నాను. ఏనాడూ లేదని ఎలా రాసేరు?"

"బాప్తిస్మంతో అదంతా పోయింది గదండి."

"పోయిందానికి కాగితం ఎందుకు?"

వంటింట్లో దానం భార్య ఎస్తేరు గరిటె చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

మత్తయి కుర్చీలో సర్దుకున్నాడు. "రేపు మొదటి ఆదివారం. పాస్టరయ్యగారు ప్రభువు బల్ల ఇస్తారు. సంతకం లేకపోతే మామ్మగారు రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చోవాలి. అంతవరకే అయితే నేను రాకపోదునండి."

"ఇంకేముంది?" అన్నాడు దానం.

"సమాధుల తోటలో జాషువా మాస్టారి పక్క జాగా." మత్తయి ఫ్యాను వైపు చూశాడు. "సంఘం క్రమంలో లేనివారికి ఇవ్వరాదని రూలు. ఆ రూలు మీరే రాసేరు, సెక్రెటరీ గారూ."

మేరీ చేతిలో చింతపండు రెబ్బ అలాగే ఉండిపోయింది.

మత్తయి లేచి, నిలబడి మజ్జిగ తాగేశాడు. గ్లాసు తీసినచోట కాగితం మీద తడి గుండ్రం పడింది. "సాయంత్రం అయిదింటికి వస్తానండి. వందనాలు."

గేటు పడిన చప్పుడు విన్నాక దానం కూతురి వైపు తిరిగాడు.

"సంతోషమా?"

ఆ ప్రశ్న కోసం శారోన్ వారం నుంచి కాచుకుని ఉంది, మామ్మ పాట యువజన సంఘం గ్రూపులోకి వచ్చిన రోజు నుంచి.

"రెండు నిమిషాల పాట నాన్నా. పరిశోధన కోసం రికార్డు చేశాను. మాధురి గారు విని ఏమంటారో రాసుకుందామని పంపేను. బయట పెడతారనుకోలేదు."

"పరాయి మనిషికి పంపి, బయటికి రాదనుకున్నావు. ఎమ్మే చదివేవు."

"తీసెయ్యమన్నాను. గంటలో తీసేశారు."

"గంటలో అమలాపురం దాటి హైదరాబాదు వెళ్లి మా కమిటీ ఫోన్లలోకి వచ్చింది. దాని మీద ఏం రాసేరు? చదువు."

"వద్దు నాన్నా."

"చదువు."

"'అయిదు వేల ఏళ్ల నాటి మాతృదేవత గానం.'"

మంచం మీంచి మేరీ చిన్నగా నవ్వింది. "అయిదు వేల ఏళ్లా? మా మేనమామ కట్టేడు. తుఫానొచ్చిన ఏడాది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు."

ఎవరూ నవ్వకపోవడం చూసి ఆమె మళ్లీ చింతపండు మీదికి వంగింది.

"అసలు ఆ మాధురి ఎవరు?" అన్నాడు దానం.

"రాజమండ్రిలో గోదారి ఒడ్డున శిబిరాలు పెడతారు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు వస్తారు. అమ్మవారిని ధ్యానం చేస్తారు. గుడి, పూజారి అక్కర్లేదంటారు."

"గుండ్రంగా కూర్చుని కళ్లు మూసుకుని అమ్మా, అమ్మా అంటారంట," అంది ఎస్తేరు గుమ్మంలోంచి. "ఇక్కడ కళ్లు తెరిచి అమ్మా అంటుంటేనే పలికే తీరిక లేదు నాకు."

"నువ్వుండు." దానం కుర్చీ లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చున్నాడు. ముప్పై ఆరేళ్లు పిల్లలకి పాఠం అప్పజెప్పించుకున్న మనిషి. "నీ పిహెచ్‌డీ దేనిమీదో నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

శారోన్ చెప్పింది. చదువుకున్న ఆడవాళ్లు ఇప్పుడు అమ్మవారిని కొత్తగా వెతుక్కుంటున్నారు. ఈమె అన్ని మతాల కంటే ముందుది, ఆదిలో ఉన్నది ఈమే అంటున్నారు. ఆ మాటకి ఆధారం కోసం ఊళ్లలో జాతరలు చూస్తున్నారు. నిజంగా పాతదేది, పాతదని ఇప్పుడు కట్టుకుంటున్నదేది, రెండూ ఎక్కడ కలుస్తాయి? అది తన ప్రశ్న.

దానం అంతా విన్నాడు. "మంచి ప్రశ్నే. చూడు. మీ మామ్మని చూపించకుండా చూడు."

"నాలుగో అధ్యాయం మామ్మే నాన్నా."

"తీసెయ్."

"సోమవారం సాయంత్రం లోపు ప్రణాళిక పంపాలి. అది తీసేస్తే మిగిలేది మాధురి గారి శిబిరమే."

"తీసెయ్యకపోతే మా నాన్న పక్కన మా అమ్మకి జాగా మిగలదు." దానం లేచాడు. "ఏది ఎక్కువో నువ్వే రాసుకో. రాయడం వచ్చు కదా."

ఆయన చెప్పులు టకటకలాడించుకుంటూ వరండాలోకి వెళ్లాడు. మడమ నొప్పి వచ్చినప్పటి నుంచి ఇంట్లోనూ చెప్పులతోనే తిరుగుతున్నాడు. చర్చి మెట్ల దగ్గర తప్ప విడవడు.

నాలుగో అధ్యాయంలో పాట ఒక్కటే ఉందని ఆయన అనుకుంటున్నాడు. ఆ పేజీలు ఆయన చదవలేదు.

*

గైడు జగ్గారావు పన్నెండింటికి ఫోను చేశాడు. శారోన్ పెరట్లోకి వెళ్లి మాట్లాడింది.

"నాలుగో అధ్యాయం లేకుండా యూనివర్సిటీ కమిటీ ముందు ఏం పెడతావమ్మా? ప్రాచీనతకి నీ దగ్గరున్న ఆధారం అదొక్కటే."

"ప్రాచీనం కాదు సార్. డెబ్బై అయిదేళ్ల పాట. కట్టినాయన పేరు కూడా మామ్మకి తెలుసు."

"అది ఫుట్‌నోట్‌లో వెయ్యి."

"అదే కదా సార్ నా ప్రశ్న? కొత్తదాన్ని పాతదని ఎందుకు..."

"ముందు రిజిస్ట్రేషన్ కానీ. ప్రశ్నలు తర్వాత." పెట్టేశాడు.

మేరీ గోడ పట్టుకుంటూ వచ్చి బట్టలుతికే రాయి మీద కూర్చుంది. "ఏమంటున్నాడు మీ మాస్టారు?"

"నువ్వు అయిదు వేల ఏళ్ల దానివంటున్నారు."

"మోకాళ్లని అడిగితే అవునంటాయి."

పక్క తోటలో చెట్ల మీంచి దింపుతున్న కొబ్బరికాయలు పడుతున్న చప్పుడు.

"నీళ్ల సంగతి నాన్నకి చెప్పలేదు మామ్మా."

"చెబుదువుగాని."

"నువ్వే చెప్పొచ్చు కదా."

"అరవై నాలుగేళ్లు చెప్పని మాట. ఎక్కడ మొదలెట్టను?"

ఎక్కడ మొదలెట్టాలో నాలుగో అధ్యాయంలో ఉంది. మేరీకి పెళ్లయి, బాప్తిస్మం అయి ఏడాది తిరక్కుండా ఆమె తండ్రి పోయాడు. కొడుకులు లేరు. ఆ ఏడు జాతరలో తల మీద అమ్మవారి ఇత్తడి గరగ మోసేవాళ్లు ఈ వీధి మొగలో, ఈ ఇంటి ఎదురుగా ఆగిపోయారు. ఆసాది ఇంటి మనిషి ఎదురు రాకుండా ముందుకి పోరాదని ఆనవాయితీ. మిగిలింది మేరీ ఒక్కతే. డప్పులు ఆపి నిలబడ్డారు.

అప్పుడు దానం ఆమె కడుపులో ఉన్నాడు. జాషువా మాస్టారు కొంతసేపు ఆలోచించి, "వాకిట్లోకి వచ్చినవాళ్ల కాళ్లకి నీళ్లివ్వడం ఏ మతంలోనూ తప్పు కాదు," అన్నాడు. అని బైబిలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. మేరీ చెంబుతో వెళ్లి గరగ మోసేవాళ్ల కాళ్లకి నీళ్లు పోసింది. పసుపు లేదు, వేపాకు లేదు. దండం పెట్టలేదు. పాడలేదు. నీళ్లు పడగానే డప్పులు మోగాయి.

ఆ తర్వాత ఏటా అంతే. జాతర రోజు సాయంత్రం చర్చిలో ఉపవాస ప్రార్థన పెడతారు. ఇంటిల్లిపాదీ వెళ్తారు. వంట చూసుకుంటానని మేరీ ఉండిపోతుంది. వీధి చివర చర్చిలో కూర్చున్నవాళ్లకి డప్పు ఆగడం వినిపిస్తుంది, మళ్లీ మోగడం వినిపిస్తుంది. మధ్యలో ఏం జరిగిందో వాళ్లకి తెలియదు.

తెలియనిచోట దానం ఒక కారణం రాశాడు. సంఘం స్వర్ణోత్సవ సంచికలో పదకొండో పేజీ: "నేటికిని అన్యుల ఊరేగింపు మన వీధి మొగలో మేళము ఆపి మన మందిరమును గౌరవించుచున్నది." ఆయన అది వేదిక మీద చదివినప్పుడు చప్పట్లు కొట్టారు. మేరీ కూడా కొట్టింది.

"అధ్యాయం తీసెయ్యనా?" అంది శారోన్.

"జరిగిందే రాసేవు కదా?"

"జరిగిందే."

"మరి నన్నడుగుతావేం?" మేరీ లేవబోయి ఆగింది. "మీ తాత పక్కన జాగాకి ఇటుకలు నేనే పేర్పించేను. గడ్డి కూడా నేనే పీకుతున్నాను. అది పోతుందంటే భయంగానే ఉందమ్మా. అబద్ధం ఆడి అక్కడ పడుకోవాలన్నా భయంగానే ఉంది."

శారోన్ ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది.

*

మూడింటికి గేటు ముందు స్కూటరు ఆగింది. గుడి పెద్ద శ్రీరాములు. వరి, కొబ్బరి ఉన్న ఇల్లు. జాతర ఖర్చు మూడు తరాలుగా ఆ ఇంటిదే. భుజం మీద తువ్వాలుకి పసుపు అంటి ఉంది.

"మాస్టారూ, లోపలికి రానండి. ఇవాళ జాతర పనిలో ఉన్నాను. ఓ మాట చెప్పిపోదామని."

దానం గేటు దాకా వెళ్లాడు.

"రాజమండ్రి నుంచి ఎవరో ఆడవాళ్లు వచ్చేరండి, వ్యానేసుకుని. పాట పాడిన పెద్దావిడ్ని చూస్తామంటున్నారు. సూరమ్మ గారు..."

"మేరీ అండి."

"ఆయ్. మేరీ గారు. చిన్నప్పటి పేరు నోట్లో ఉండిపోయింది. ఆవిడ చేత పాడించమని వాళ్లు అడుగుతున్నారు. నేను అడగనండి. వాళ్లని మీ ఇంటి మీదికి రానివ్వను. అదే చెబుదామని."

దానం దెబ్బలాటకి సిద్ధపడి వచ్చాడు. ఎదుటివాడు మర్యాద చేశాడు.

"శ్రీరాములు గారూ, మీరు మా చర్చి మీద గౌరవంతో ఏటా మేళం ఆపుతారు. సంతోషం. ఈ ఒక్క ఏడాదీ ఆపకండి. తిన్నగా వెళ్లిపొండి."

శ్రీరాములు వరండా వైపు చూశాడు. అక్కడ శారోన్ నిలబడి ఉంది. ఆమె తల దించుకుంది.

"చర్చి అంటే గౌరవమేనండి," అన్నాడు. "మా నాన్నగారికీ ఉండేది. కాని ఆపేది నేను కాదు మాస్టారూ."

"మరెవరు?"

శ్రీరాములు స్కూటరు స్టార్టు చేశాడు. "అమ్మగారిని అడగండి." చప్పుడులో ఆ మాట దానానికి వినిపించిందో లేదో శారోన్‌కి తెలియలేదు. ఆయన తిరిగి వచ్చి ఏమీ అడగలేదు. పేపరు తీసి ఉదయం చదివిన పేజీయే మళ్లీ చదివాడు.

*

అయిదుకి అయిదు నిమిషాలుండగా మత్తయి వచ్చాడు. మేరీ మంచం ఎదురుగా కుర్చీలో కూర్చుని జేబులోంచి పెన్ను తీశాడు. వీధి చివర చర్చిలో పాట మొదలైంది. ఈ ఏడు ఈ ఇంట్లోవాళ్లు ఎవరూ ప్రార్థనకి వెళ్లలేదు.

"మామ్మగారూ, మనసు మార్చుకున్నారా?"

"ఆ ఒక్క ముక్క కొట్టెయ్యి నాయనా, పెట్టేస్తాను."

"కొట్టేస్తే కమిటీ ఒప్పుకోదండి."

"అయితే నాకూ కుదరదు."

దానం తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం శారోన్ ఎప్పుడూ చూడలేదు. "అమ్మా. నాన్న పక్కన జాగా. నా కోసం పెట్టు. ఆ మాట ఎవరు చూడొచ్చేరు?"

"నేను చూసేను కదరా."

డప్పులు వినిపించాయి. ముందు గుడి వైపు నుంచి, తర్వాత కాలవ గట్టు మీంచి, తర్వాత దగ్గరగా. మేరీ కిటికీ వైపు తిరిగింది. చర్చిలోవాళ్లు గొంతు పెంచారు. రెండు చప్పుళ్లూ కలిసి కొంతసేపు ఏదీ అర్థం కాలేదు.

వీధి మొగలో డప్పులు ఆగాయి.

దానం లేచి నిలబడి చెయ్యెత్తాడు, ఇప్పుడు మోగుతాయి చూడండి అన్నట్టు. అరవై ఏళ్లుగా విన్న లెక్క ఆయనకి ఉంది. ఒక కీర్తన చరణం అంతసేపు. చరణం అయింది. డప్పులు మోగలేదు.

ఇంకో చరణం అయింది. చర్చిలోనూ పాట సన్నగిల్లి ఆగింది. అక్కడివాళ్లూ వింటున్నారు.

"వద్దన్నాను కదా," అన్నాడు దానం. "కావాలని చేస్తున్నాడు. ఎందుకు కదలరు?"

ఎత్తిన చెయ్యి దించాడు.

"ఎందుకు కదలట్లేదు, శారోన్?"

"మామ్మ కోసం నాన్నా."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. తాత అన్న మాట, చెంబు, పసుపు లేని నీళ్లు, ఏటా జరిగింది. ఆమె గొంతు పెంచలేదు. మత్తయి పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

దానం భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తడి గడప ఏటా ఎవరు తుడుస్తున్నారనుకున్నారు?" అంది ఎస్తేరు.

అప్పుడు చూశాడు దానం. గుమ్మం పక్కన చెంబు ఉంది. నిండా నీళ్లున్నాయి. మీద పళ్లెం మూత పెట్టి ఉంది.

"పదకొండో పేజీ," అన్నాడు. ఎవరితోనో కాదు. "చప్పట్లు కొట్టేవు కదే అమ్మా."

"బాగా రాసేవు నాయనా. అందుకు కొట్టేను."

మేరీ మంచం కోడు పట్టుకుని లేవబోయింది. మోకాలు నిలవలేదు. కూలబడింది. రెండోసారీ అంతే. కిటికీలోంచి వీధి మొగ కనిపిస్తోంది. గరగ మోసే మనిషి తల మీద ఇత్తడి కుండతో నిలబడి ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. అతని వెనక డప్పులవాళ్లు, వాళ్ల వెనక వ్యానులో వచ్చిన ఆడవాళ్లు ఫోన్లు పైకెత్తి. శ్రీరాములు చేతులడ్డం పెట్టి వాళ్లని ఆపుతున్నాడు.

"శారోనూ, నువ్వు పొయ్యమ్మా. పాపం, బరువు మీద నిలబడ్డాడు."

శారోన్ చెంబు తీసుకుంది. మూత తీసి బల్ల మీద పెట్టింది. పరంపర మామ్మతో ముగుస్తుందని నాలుగో అధ్యాయం చివరి వాక్యంలో రాసింది. గడప దాటితే ఆ వాక్యం తప్పవుతుంది. చూసి రాయడానికి వచ్చిన మనిషి చూడబడే మనిషి అవుతుంది. ఆ ఫోన్లన్నిటిలోకీ ఎక్కుతుంది.

అయినా ఒక అడుగు వేసింది.

"ఆగు," అన్నాడు దానం.

"మాస్టారూ," అన్నాడు మత్తయి, కూర్చున్నచోటి నుంచే. "అమ్మాయిని ఆపండి. ఇంతవరకూ ఒక్కరి సంగతే. పోస్తే ఇల్లంతా అవుతుంది. నేను చూసింది చూడలేదని రాయలేను."

"మీరు అలా రాయొద్దు. చూసింది చూసినట్టే రాయండి."

దానం చెయ్యి చాపాడు. శారోన్ ఆయన ముఖం చూసింది. అందులో ఏమీ దొరకలేదు. చెంబు ఇచ్చింది.

లోపలికి తీసుకుపోయి వంటింట్లో పెడతాడనుకుంది. మత్తయీ అదే అనుకున్నట్టున్నాడు. కాగితం మోకాలి మీద సర్దుకుని, మేరీ పేరు కింద గీత మీద వేలు పెట్టి చూపించాడు.

దానం చెంబుతో గడప దాకా నడిచాడు. అక్కడ ఆగాడు.

ఆయన ముందు కుడికాలి చెప్పు విడిచాడు. తర్వాత ఎడమకాలిది.